చెట్టు బుడిపె: మొగ్గలన్నీ ఒకేచోట చిక్కుకుపోతే చెక్క ఏమవుతుంది?

కాలిఫోర్నియా తీరంలో పెరిగే రెడ్‌వుడ్ చెట్ల మొదళ్ల దగ్గర పెద్ద పెద్ద బుడిపెలు ఉంటాయి. తాజా బుడిపె నుంచి ఒక ముక్క కోసి, నీళ్లు పోసిన పళ్లెంలో ఉంచితే కొన్నాళ్లకు దాని అంచుల నుంచి పచ్చటి చిగుళ్లు లేస్తాయి. దానికి వేరు లేదు, కొమ్మ లేదు, కింద మట్టి కూడా లేదు. అయినా చిగురు వచ్చిందంటే మొగ్గ అప్పటికే ఆ ముక్కలో ఉందన్నమాట. చెట్ల మీద కనిపించే ఈ ఉబ్బుల గురించి ఉన్న సందేహాల్లో సగానికి ఆ పళ్లెంలోని చిగురే జవాబు చెబుతుంది.

క్లుప్తంగా: ఇంగ్లిష్‌లో బర్ల్ అని, బ్రిటన్‌లో బర్ అని పిలిచే ఈ బుడిపెలు ఎక్కువగా నిద్రాణ మొగ్గలు బెరడు కింద గుంపుగా పెరగడం వల్ల ఏర్పడతాయి. ప్రతి మొగ్గ చుట్టూ చెక్క పోగులు మెలితిరుగుతాయి. ఆ మెలికలే చెక్కకు అందాన్నిస్తాయి, ఎండేటప్పుడు వంకర్లు తెచ్చేవీ అవే. కొన్ని చెట్లకు మొదలు దగ్గర ఉండే బుడిపె జబ్బు కానే కాదు, మళ్లీ మొలకెత్తడానికి దాచుకున్న నిల్వ. బతికున్న చెట్టు నుంచి దాన్ని కోస్తే మిగిలేది మానని గాయం.

ఒకే పేరు, వేర్వేరు విషయాలు

బుడిపెల గురించి చదివేవారికి వచ్చే మొదటి చిక్కు పేరుతోనే. చెట్టు మీద ఏ ఉబ్బు కనిపించినా బర్ల్ అనేయడం మామూలైపోయింది. నిజానికి ఆ ఒక్క మాట కింద కనీసం మూడు రకాలు కలిసిపోయాయి.

మొదటిది మాను మీదో కొమ్మ మీదో గుండ్రంగా ఉబ్బి, లోపల వందలాది చిన్న మొగ్గల జాడలున్న బుడిపె. వడ్రంగులు వెతుక్కునేది దీన్నే. రెండోది నేలమట్టంలో, వేరూ మానూ కలిసే చోట పెరిగే గడ్డ. శాస్త్రవేత్తలు దీన్ని లిగ్నోట్యూబర్ అంటారు. చాలా రకాల యూకలిప్టస్ చెట్లకు ఇది మొక్క దశలోనే, విత్తనపు ఆకులు పుట్టిన చోట మొదలవుతుంది. ఏ గాయమూ, ఏ క్రిమీ అక్కర్లేదు. మూడోది బాక్టీరియా వల్ల వచ్చే కణితి. క్రౌన్ గాల్ అనే ఈ జబ్బుకు ఒక బాక్టీరియా కారణమని అమెరికన్ శాస్త్రవేత్తలు ఇర్విన్ స్మిత్, చార్లెస్ టౌన్‌సెండ్ 1907లో తేల్చారు. ఆ బాక్టీరియా తన డీఎన్ఏలో కొంత భాగాన్ని మొక్క కణంలోకి చొప్పిస్తుంది. దాంతో ఆ కణాలు పెరుగుదల హార్మోన్లను తమంతట తామే తయారు చేసుకుంటూ ఆగకుండా విభజన చెందుతాయి. కణితి కణాల్లో బాక్టీరియా డీఎన్ఏ నిజంగానే ఉందని 1977లో రుజువైంది. మొక్కల్లోకి కొత్త జన్యువులను పంపే నేటి పద్ధతుల్లో ముఖ్యమైనది అక్కడి నుంచే పుట్టింది.

ఈ మూడూ బయటికి ఒకలాగే కనిపించవచ్చు. కోసి చూస్తే తేడా తెలుస్తుంది. క్రౌన్ గాల్ కణితి చాలావరకు క్రమం లేని కణజాలం, పైపై పొరలు బెండులా రాలిపోతాయి. అందులో కళ్లలాంటి అందమైన మచ్చలు ఉండవు. బుడిపె అంటేనే రోగం అన్న అభిప్రాయం బలపడడానికి ఈ కలగాపులగమే ముఖ్య కారణం.

బెరడు కింద జరిగేది

మొగ్గల సంగతి అర్థం కావాలంటే చెట్టు లావెక్కే పద్ధతి కాస్త తెలియాలి. బెరడుకూ చెక్కకూ మధ్య కేంబియం అనే పలచటి కణాల పొర ఉంటుంది. అది లోపలివైపు దారువును, అంటే చెక్కను, బయటివైపు పోషక కణజాలాన్ని తయారు చేస్తుంది. ఏటా ఒక వలయం చెక్క లోపల చేరుతుంది, కేంబియం ఆ మేరకు బయటికి జరుగుతుంది.

లేత రెమ్మ మీద సాధారణంగా ఆకు మొలిచిన చోట ఒక మొగ్గ కూడా పుడుతుంది. వాటిలో కొన్నే విచ్చుకుంటాయి. మిగిలినవి నిద్రలోకి పోతాయి, కానీ చావవు. చెక్కలో పూడుకుపోకుండా ఏటా ఆ వలయం మందమంత ముందుకు జరుగుతూ ఎప్పుడూ బెరడు కిందే ఉంటాయి. అలా జరిగిన ప్రతి మొగ్గా తన వెనక, మాను నడిమధ్య నుంచి బెరడు దాకా, సన్నటి గీతలాంటి జాడను వదులుతుంది. నూరేళ్ల చెట్టులో నూరేళ్లుగా మేలుకోని మొగ్గలుండవచ్చు. 2020 ఆగస్టులో కాలిఫోర్నియాలోని బిగ్ బేసిన్ రెడ్‌వుడ్ అడవి దాదాపు మొత్తం కాలిపోయింది. కొన్ని నెలల్లోనే నల్లగా మాడిన మానుల పొడవునా పచ్చటి చిగుళ్లు లేచాయి. అవన్నీ బెరడు కింద ఎప్పటి నుంచో వేచి ఉన్న మొగ్గల నుంచి వచ్చినవే.

మొగ్గను నిద్రలో ఉంచేది చెట్టు కొన నుంచి కిందికి దిగే ఆక్సిన్ అనే హార్మోన్. వేర్ల వైపు నుంచి ఎక్కువగా వచ్చే సైటోకైనిన్ మొగ్గను లేపుతుంది. కొన విరిగినా, మానుకు దెబ్బ తగిలినా, ఒక్కసారిగా ఎండ తగిలినా ఈ రెండింటి మధ్య తూకం మారుతుంది. మామూలుగా అయితే మొగ్గ విచ్చుకుని రెమ్మ అవుతుంది. బుడిపెలో మాత్రం మొగ్గ సాగకుండా బెరడు కిందే చీలుతుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ప్రతి దానికీ సొంత జాడ ఉంటుంది. ఇన్నింటికి చోటివ్వాలి కాబట్టి అక్కడ కేంబియం చుట్టుపక్కలకన్నా వేగంగా చెక్కను పేరుస్తుంది, ఉబ్బు బయటికి వస్తుంది.

పోగులు మెలితిరగడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. చెక్క కణాలు ఆక్సిన్ పారే దిశను బట్టి వరుస కడతాయి. మామూలు మానులో ఆ పారుదల పైనుంచి కిందికి తిన్నగా ఉంటుంది, పోగులూ తిన్నగానే ఉంటాయి. బుడిపెలో ప్రతి చిన్న మొగ్గా తన వంతు ఆక్సిన్‌ను వదులుతుంది. ఏటి మధ్య రాళ్లుంటే నీరు వాటి చుట్టూ సుడులు తిరిగినట్టు, పోగులు మొగ్గల చుట్టూ తిరుగుతాయి. కొన్నిచోట్ల నీటిని మోయాల్సిన నాళాలు కూడా గుండ్రంగా తమలో తామే కలిసిపోతాయి. అలాంటి నాళం నీటిని ఎక్కడికీ చేర్చలేదు. అందమైన సుడిగా మాత్రం మిగిలిపోతుంది.

దెబ్బా? జబ్బా? వంశమా?

గాయం, శిలీంధ్రం, పురుగులు, వైరస్, మంట, మంచు ఒత్తిడి అంటూ బుడిపెకు కారణాల జాబితా ఒకటి తరచుగా కనిపిస్తుంది. వీటిని మొదలుపెట్టే కారణాలుగానే చూడాలి. అగ్గిపుల్ల ఏదైనా మంట ఒకటే అన్నట్టు, దెబ్బ ఎవరిదైనా చివరికి పనిచేసేది మొగ్గల హార్మోన్ తూకమే. ఒకే గాలివానకు దెబ్బతిన్న రెండు చెట్లలో ఒకదానికే బుడిపె రావచ్చు. అంటే చెట్టు స్వభావానికి కూడా ఇందులో వాటా ఉంది.

వంశపారంపర్యం ఎంత బలంగా పనిచేయగలదో కరేలియన్ బిర్చ్ చూపిస్తుంది. రష్యా, ఫిన్లాండ్ ప్రాంతాల్లో పెరిగే ఈ బిర్చ్ రకానికి మాను మీద గడ్డలు, చెక్కలో గోధుమరంగు మరకలు, వంకర పోగులు తరతరాలుగా వస్తాయి. ఖచ్చితంగా చెప్పాలంటే ఇది మొగ్గల బుడిపె కాదు, కానీ వ్యాపారంలో ఆ వరుసలోనే అమ్ముతారు. మేపుల్ చెక్కలోని 'పక్షి కన్ను' నమూనా కూడా అలాంటి బంధువే. చూడడానికి చిన్న చిన్న కళ్లున్నా వాటి మధ్యలో మొగ్గ ఉండదు. అమెరికాలో ఒలింపిక్ ద్వీపకల్పం తీరాన ఉన్న సిట్కా స్ప్రూస్ చెట్లకు మాను చుట్టూ భారీ గుండ్లలాంటి ఉబ్బులుంటాయి. వాటిలోనూ మొగ్గల కళ్లు కనిపించవు, వలయాలు మాత్రం పక్కనున్న మామూలు చెక్కకన్నా వెడల్పుగా ఉంటాయి.

ఇది చెట్టుకు వచ్చిన కాన్సరా అని అడిగేవారు చాలామంది. పోలిక కొంతవరకే నిలుస్తుంది. అదుపు తప్పిన పెరుగుదల అన్నంత వరకు సరే. మనిషిలో కాన్సర్‌ను ప్రాణాంతకం చేసేది కణాలు రక్తంలో ప్రయాణించి వేరే అవయవాల్లో పాగా వేయడం. మొక్క కణం గట్టి గోడలో బందీ, పక్క కణానికి అతుక్కుని ఉంటుంది, కదిలే దారే లేదు. కాబట్టి బుడిపె ఎంత పెరిగినా ఉన్నచోటే ఉంటుంది. మనిషి ఎత్తు బుడిపె మోస్తూ దశాబ్దాలు బతికే చెట్లు ఎన్నో ఉన్నాయి. బుడిపె కనిపించగానే చెట్టు కొట్టేయాలన్న సలహాకు ఆధారం లేదు. పరిశీలించాల్సింది దాని చుట్టూ పగుళ్లు, కుళ్లు, తొర్ర ఉన్నాయా అన్నది.

కోసినప్పుడు బయటపడేది

బుడిపె మీది బెరడును జాగ్రత్తగా ఒలిస్తే కింద నున్నటి చెక్క కనిపించదు. పనసకాయ తొక్క మీదున్నట్టు చిన్న చిన్న ముళ్లు దట్టంగా ఉంటాయి. ఒక్కో ముల్లు ఒక్కో మొగ్గ కొన. లేత్ మీద, అంటే చెక్కను గిర్రున తిప్పుతూ తొలిచే యంత్రం మీద, గిన్నెలు చేసేవారు కొందరు ఈ ముళ్ల అంచును అలాగే వదిలేస్తారు.

ఇప్పుడు రంపం ఎటు పెట్టాలన్నది పెద్ద నిర్ణయం. బెరడుకు సమాంతరంగా పలకలు తీస్తే ప్రతి ముల్లూ అడ్డంగా తెగి, మధ్యలో నల్లటి చుక్క, చుట్టూ సన్నటి వలయాలతో కన్నులా కనిపిస్తుంది. అదే బుడిపెను బెరడు నుంచి లోపలికి నిలువుగా కోస్తే ఆ జాడలు పొడవునా తెగి, నడిమధ్య నుంచి అంచుకు విచ్చుకునే చారలుగా కనిపిస్తాయి. చెక్క ఒకటే, రంపం దిశ మారితే రెండు వేర్వేరు వస్తువులు. ఒక్కసారి తప్పు కోత పడితే సరిదిద్దుకునే వీలుండదు. లోపల తొర్ర ఉందో, బెరడు ముక్కలు ఇరుక్కున్నాయో, కుళ్లు ఎంత పాకిందో ముందే చెప్పడమూ కష్టమే. బుడిపె ధర పలకడానికి అరుదుగా దొరకడం ఒక కారణమైతే, వృథా కింద పోయే ఈ భాగం రెండోది.

పోగులు అన్ని వైపులా అల్లుకుని ఉండడం వల్ల బుడిపె చెక్క సులభంగా చీలదు. కట్టెలు కొట్టేవాడు గొడ్డలి వేస్తే అది ఇరుక్కుపోతుంది. కొయ్య సుత్తుల తలలకూ, గిన్నెలకూ పూర్వం నుంచి దీన్ని వాడడం ఇందుకే. ఉత్తర అమెరికా తూర్పు అడవుల్లోని మూలవాసులు బుడిపె మధ్యభాగాన్ని నిప్పుతో మాడ్చి, మాడిన పొరను గీకి గిన్నెలు తొలిచేవారు. ఉత్తర ఐరోపాలోని సామీ ప్రజలు బిర్చ్ బుడిపెతో తాగే కప్పులు చెక్కుతారు. అయితే చీలకపోవడాన్ని చూసి బరువు మోసే బలం ఉందని పొరబడకూడదు. కుర్చీ కాలికో దూలానికో కావాల్సింది ఆ చివర నుంచి ఈ చివర దాకా తెగని పోగు. బుడిపెలో అది లేదు, బరువు పడితే వంగే ముందే విరుగుతుంది.

ఆరబెట్టడమే అసలు పరీక్ష

పచ్చి చెక్క ఆరినప్పుడు అన్ని వైపులా సమానంగా కుదించుకుపోదు. పోగుల పొడవునా తగ్గేది 0.1 నుంచి 0.2 శాతమే. వలయాలకు అడ్డంగా, అంటే నడిమధ్య నుంచి అంచు వైపు, 3 నుంచి 6 శాతం దాకా. వలయాల వెంబడి దానికి దాదాపు రెట్టింపు. తిన్నటి పలక ఎటు ఎంత తగ్గుతుందో అందుకే లెక్క వేయగలం. బుడిపెలో ఒక అంగుళం లోపే ఈ మూడు దిశలూ కలిసిపోయి ఉంటాయి. ఒక చుక్క దగ్గర చెక్క కుంగుతుంది, పక్కనే నిలుస్తుంది. నున్నగా తీర్చిన గిన్నె ఆరాక, వేలితో తడిమితే చిన్న అలల్లా తగులుతుంది.

దీనికి లేత్ పనివాళ్లు పాటించే పద్ధతి ఒకటుంది. పచ్చిగా ఉన్నప్పుడే గిన్నెను మందంగా, వ్యాసంలో సుమారు పదో వంతు గోడ ఉండేలా, తొలిచి పెడతారు. బయట మైనం పూసి నీడలో నెలల తరబడి వదిలేస్తారు. అది వంకరపోయేంత పోయాక మళ్లీ లేత్ ఎక్కించి గుండ్రంగా తీరుస్తారు. తొందరపడి ఎండలో పెడితే పైపొర ముందే ఆరి బిగుసుకుని, లోపలి తడికీ దానికీ మధ్య లాగులాట మొదలై పగుళ్లు వస్తాయి. పొగ తాగే పైపులకు వాడే బ్రయర్ విషయంలో ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. అది మధ్యధరా తీరాల్లో పెరిగే ఎరికా అనే పొదమొక్క మొదట్లోని గడ్డ. తవ్వి తీశాక తడి ఆరకుండా కాపాడి, ముక్కలు కోసి, గంటల తరబడి నీళ్లలో ఉడికించి రసం, టానిన్లు అనే వగరు పదార్థాలు పోగొడతారు. ఆ తర్వాతే నెమ్మదిగా ఆరబెడతారు.

ఉలి, చిత్రికలతో పని చేసేవారికి ఇంకో ఇబ్బంది. మామూలు చెక్కలో పోగుల వాలు చూసి చిత్రిక పడతారు. బుడిపెలో ఎటు పట్టినా సగం పోగులు ఎదురుగానే ఉంటాయి, ఊడిపోయి గుంటలు పడతాయి. అందుకే చివరి నునుపుకు పదునైన ఉక్కు రేకుతో గీకడం, తర్వాత శాండ్ పేపర్‌తో రుద్దడం మేలు. లేత్ మీద తిరిగేటప్పుడు లోపల ఇరుక్కున్న బెరడు ముక్కో వదులైన చెక్కో ఎగిరి ముఖానికి తగలవచ్చు. వేగం తగ్గించి, ముఖమంతా కప్పే షీల్డ్ పెట్టుకోవడం ఇక్కడ తప్పనిసరి. దుమ్ముకు మాస్కు కూడా.

కత్తి పిడులు, పెన్నుల లాంటి చిన్న వస్తువులకు మెత్తబడిన బుడిపె ముక్కలను కూడా వాడే దారి వచ్చింది. పూర్తిగా ఎండిన ముక్కను, వేడికి గట్టిపడే రెజిన్ అనే ద్రవంలో ముంచి, వాక్యూమ్‌తో లోపలి గాలి లాగేస్తే ఆ ఖాళీల్లోకి రెజిన్ చేరుతుంది. దాదాపు 90 డిగ్రీల సెల్సియస్ వేడిలో అది గట్టిపడుతుంది. ముక్కలో తడి మిగిలి ఉంటే రెజిన్ సరిగ్గా పట్టదు. విఫలమైన ముక్కల్లో ఎక్కువ భాగానికి కారణం ఇదే.

ఒక బుడిపె, వందల రేకులు

పెద్ద బుడిపెలు ఎక్కువగా వెనీర్‌కే పోతాయి. అర మిల్లీమీటరు, కొంచెం అటూ ఇటూ మందంతో రేకులు తీసి, చవక చెక్క మీద అతికిస్తారు. దృఢత్వం కింది చెక్కది, అందం పైరేకుది. బుడిపె బలహీనత ఇక్కడ అడ్డు కాదు. పక్కపక్కనే వచ్చిన రెండు రేకులను పుస్తకం తెరిచినట్టు పరిస్తే అద్దంలో ప్రతిబింబంలా జత కుదురుతుంది. ఖరీదైన కార్ల డ్యాష్‌బోర్డుల మీది వాల్‌నట్ బుడిపె నమూనాలు ఇలా చేసినవే. రేకు కోసిన కొన్నాళ్లకే ఎండిన ఆకులా ముడుచుకుపోతుంది. గ్లిజరిన్ కలిపిన ద్రావణంతో తడిపి, మెత్తబడ్డాక కాగితాల మధ్య బరువు పెట్టి చదును చేయనిదే అతికించలేరు.

ఈ మోజు కొత్తది కాదు. రోమన్లు ఉత్తర ఆఫ్రికా అట్లాస్ కొండల నుంచి తెచ్చిన చెట్టు గడ్డలతో బల్లలు చేయించుకునేవారు. ఒకటో శతాబ్దపు రచయిత ప్లినీ ఆ చెక్కలో పులి చారలు, చిరుత మచ్చలు, నెమలి తోక కళ్లు కనిపిస్తాయని వర్ణించాడు. రోమన్ వక్త సిసిరో ఒక్క బల్లకు 5 లక్షల సెస్టర్సులు (ఆనాటి రోమన్ నాణేలు) పోశాడని కూడా రాశాడు. ఆ చెట్టే థూయా. మొరాకోలోని ఎస్సావీరా పట్టణంలో ఇప్పటికీ దాని గడ్డతో పెట్టెలు, బల్లలు చేస్తున్నారు. ఆగ్నేయాసియా నుంచి వచ్చే అంబోయ్నా బుడిపెకు కూడా అంతే పేరు. అది ఎర్రచందనం ప్రజాతికే చెందిన చెట్టు.

ఇప్పుడు ముద్రించిన లామినేట్‌లూ, త్వరగా పెరిగే చెట్ల రేకులకు రంగు వేసి అతికించి మళ్లీ కోసిన కృత్రిమ వెనీర్‌లూ బుడిపె పేరుతో వస్తున్నాయి. వాటిలో తప్పేమీ లేదు, పేరు నిజాయితీగా చెబితే చాలు. గుర్తుపట్టడానికి ఒక తేలిక మార్గం ఉంది. ఒక కన్నును, దాని పక్కన ఉన్న మెలికను గుర్తుపెట్టుకుని కొంత దూరంలో అదే మళ్లీ వస్తుందేమో చూడాలి. అచ్చం అలాగే, అదే దిశలో మళ్లీ కనిపిస్తే అది అచ్చు వేసినది కావచ్చు.

కోస్తే చెట్టుకు ఏమవుతుంది

మనిషి చర్మంలా చెట్టు పాత కణాలను బాగు చేసుకోదు. దెబ్బతిన్న భాగం చుట్టూ రసాయన గోడలు కట్టి, కుళ్లు అటు నుంచి ఇటు రాకుండా ఆపుతుంది. అమెరికన్ అటవీ శాస్త్రవేత్త అలెక్స్ షైగో 1970లలో ఈ సంగతిని వివరంగా చెప్పారు. కొమ్మ కోసిన చిన్న గాయాన్ని ఇలా ఆపగలదు. పెద్ద బుడిపెను మాను నుంచి చెక్కేస్తే ఒక వైపంతా తెరుచుకుంటుంది. అక్కడ కేంబియం పోతుంది, శిలీంధ్రం లోపలికి పోతుంది, ఏళ్ల తర్వాత గాలివానలో మాను ఆ చోటే విరుగుతుంది. చెట్టు వెంటనే చావదు కాబట్టి ఏమీ కాలేదనిపించడమే ఇందులోని మోసం.

చెట్టు మొదలు దగ్గరి గడ్డ విషయంలో నష్టం ఇంకా లోతైనది. అందులో వందల మొగ్గలు, వాటిని పోషించే పిండిపదార్థం నిల్వ ఉంటాయి. మంట వచ్చినా, చెట్టు కూలినా రెడ్‌వుడ్ మళ్లీ మొలిచేది ఆ నిల్వతోనే. తల్లిచెట్టు పోయాక దాని చుట్టూ వలయంగా పిల్లచెట్లు నిలబడి ఉండడం ఆ అడవుల్లో మామూలు దృశ్యం. అలాంటి గడ్డను రంపంతో కోసుకెళ్లేవారు ఎక్కువవడంతో 2014లో రెడ్‌వుడ్ జాతీయ, రాష్ట్ర పార్కుల అధికారులు పాత అడవి గుండా వెళ్లే న్యూటన్ బి. డ్రూరీ రహదారిని రాత్రివేళ మూసేయాల్సి వచ్చింది. ఒక బల్ల పలక కోసం వందల ఏళ్ల చెట్టుకు మళ్లీ మొలిచే దారిని తీసేయడం ఏ లెక్కన చూసినా సమర్థించలేనిది.

బుడిపె చెక్క వాడేవారికి ఇతర దారులు లేకపోలేదు. గాలివానకు కూలినవి, వయసు మీరి కొట్టేయక తప్పనివి, తోటల్లో తీసేసిన వాల్‌నట్ మొదళ్లు మంచి బుడిపెనే ఇస్తాయి. కొనేటప్పుడు చెట్టు ఎక్కడిది, ఎలా కూలింది అని అడిగి, కాగితం చూపమనవచ్చు. ఫిన్లాండ్‌లో కరేలియన్ బిర్చ్‌ను మేలైన చెట్ల నుంచి నారు తీసి తోటలుగా పెంచుతున్నారు. అక్కడ చెట్టు కోతకు వచ్చేసరికి, నాటినవారి పిల్లలు పెద్దవాళ్లై ఉంటారు.